ముందు పొలంలోకి దిగాలి

మొన్న ఒక రైతు రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఒకటి తన పొలం కొలతల పటం, అంటే ఎఫ్‌ఎంబీ; రెండోది పాత గ్రామ పటం. "సార్, ఇందులో మా తూర్పు గట్టు నాలుగు సెంటీమీటర్ల పైనే ఉంది. అందులో రెండే వచ్చింది. సగం గట్టు ఏమైనట్టు?" అన్నాడు. గొంతులో భయం వినిపించింది.

ఆ భయం నాకు తెలుసు. సర్వే పనిలో చేరిన కొత్తలో ఒక పటం మీది కొలతను తిన్నగా ఇంకో పటం మీదికి ఎక్కించబోయి, సగం చేయాల్సినచోట రెట్టింపు చేశాను. పక్కనున్న పెద్ద చైన్‌మన్ చూసి, "ముందు పొలంలోకి దిగు బాబూ, తర్వాత రెండో కాగితం ఎక్కుదువుగాని" అన్నాడు. ఇవాళ్టికీ నా పద్ధతి అదే: ముందు నేల మీది దూరం, తర్వాతే రెండో పటం.

రైతు ఎదుటే లెక్క కట్టాను. ఎఫ్‌ఎంబీ స్కేలు 1:2000. గట్టు గీత 4.2 సెంటీమీటర్లు. రెండు వేలతో హెచ్చిస్తే నేల మీద 84 మీటర్లు. గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్కన గీసింది. అంటే అంగుళానికి ఐదు సర్వే గొలుసులు, 1:3960. ఆ 84 మీటర్లను 3960తో భాగిస్తే 2.12 సెంటీమీటర్లు. గట్టు ఎక్కడికీ పోలేదు. విస్తీర్ణం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గీత సగమైతే మడి బొమ్మ నాలుగో వంతుకు పడిపోతుంది.

లెక్క కుదిరినంత మాత్రాన చిన్న పటం నుంచి పెద్ద పటానికి కొలత ఎత్తుకోకూడదు. పెన్సిలు గీత మందం అర మిల్లీమీటరు అనుకోండి. 1:3960 పటంలో ఆ మందమే నేల మీద దాదాపు రెండు మీటర్లు! రెండు మీటర్ల కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లు చూశాను. ఎఫ్‌ఎంబీలో గీత పక్కన అంకె రాసి ఉంటే అసలు స్కేలే పెట్టను. ఆ అంకె పొలంలో గొలుసు పరిచి తెచ్చింది.

అన్నిటికన్నా ప్రమాదం జిరాక్సు కాపీ. కాగితం కుదించినా దాని మీద 1:2000 అని అలాగే ఉంటుంది, గీతలు మాత్రం కుంచించుకుపోతాయి. అందుకే మీ చేతికి నకలు వస్తే, అంకె రాసి ఉన్న ఒక గీతను ముందు కొలిచి చూడండి. స్కేలు ప్రకారం రాకపోతే ఆ కాగితంతో హద్దు రాయి పాతొద్దు.