తల్లికి పెట్టిన రెండు పోలికలు

శాస్త్రరచనల్లోని ఉపమానాలను సాహిత్య విద్యార్థులు సాధారణంగా పట్టించుకోరు. పట్టించుకోవాలనడానికి ఆటిజం ఉన్న పిల్లల తల్లుల గురించి వచ్చిన రచనలే నిదర్శనం.

1943లో 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించిన లియో కానర్, 1949 నాటి వ్యాసంలో వారు పెరిగిన వాతావరణాన్ని రిఫ్రిజిరేటర్‌తో పోల్చాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ 'ద ఎంప్టీ ఫోర్ట్రెస్' గ్రంథంలో ఇంకా ముందుకు వెళ్లి, బిడ్డ స్థితిని నాజీ నిర్బంధ శిబిరంలోని ఖైదీ స్థితితో పోల్చాడు. స్వయంగా అటువంటి శిబిరాల్లో గడిపినవాడు కనుక ఆ పోలికకు అనుభవబలం ఉంది; ఆధారబలం లేదు. బిడ్డ ఖైదీ అయితే తల్లి ఎవరు? ఆ జవాబును పాఠకుడి చేతనే చెప్పించడం ఈ ఉపమానం చేసిన అన్యాయం. ఆటిజం జీవసంబంధమైనదని బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే వాదించాడు. తల్లిదండ్రులు నిర్దోషులని 1969లో కానరే వారి సభలో ప్రకటించాడు.

2010లో మార్షా మైలిక్ సెల్ట్‌జర్ బృందం అమెరికాలో, ఆటిజం ఉన్న కౌమారుల, వయోజనుల తల్లుల లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచింది. నిద్ర లేవగానే పెరిగి రాత్రికి తగ్గే ఈ హార్మోను, ఇతర తల్లులతో పోలిస్తే వీరిలో తక్కువగా ఉంది. దీన్ని ప్రశాంతత అనుకోరాదు. దీర్ఘకాలం ఒత్తిడికి లోనైనవారిలో, యుద్ధరంగం చూసిన సైనికులతో సహా, ఇటువంటి తగ్గుదల కనిపిస్తుంది. ఆ మాట పట్టుకొని పత్రికలు తల్లిని సైనికురాలిని చేశాయి.

ఈ పోలిక మొదటిదానికంటే దయగలది. అయినా దీనికీ హద్దు ఉంది. మన ఆలంకారికులు చెప్పిన సమానధర్మం ఇక్కడ హార్మోను తీరు ఒక్కటే. 'వలె' అన్న ఉపమావాచకం తీసివేస్తే ఉపమ రూపకమవుతుంది. తల్లి సైనికురాలు, ఇల్లు యుద్ధభూమి, బిడ్డ శత్రువు అయిపోతారు. పరిశోధకులు అలా అనలేదు. పైగా అదే బృందం దినచర్యలను అధ్యయనం చేసినప్పుడు, ఈ తల్లులకు అలసట, సంరక్షణ భారం ఎక్కువైనా, రోజువారీ మంచి అనుభవాలు ఇతర తల్లులకు ఉన్నట్టే ఉన్నాయని తేలింది. కార్టిసాల్ ఒత్తిడి జాడను చూపగలదు గాని ప్రేమను కొలవలేదు.

ప్రవాసాంధ్ర విద్యార్థులకు ఇందులో మరొక పాఠం ఉంది. ఆటిజం ఉన్న బిడ్డతో ఇంటిభాష మాని బడిభాషలోనే మాట్లాడమని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడంవల్ల ఈ పిల్లల భాషాభివృద్ధికి హాని కలుగుతుందని ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో తేలలేదు. తల్లి ఏ భాషలో బిడ్డను బుజ్జగించగలదో, ఏ భాషలో తన దుఃఖం చెప్పుకోగలదో, ఆ భాషను ఆమె నుంచి తీసివేయడం ఒత్తిడిని తగ్గించే మార్గం కాదు.