పులిస్వారీ పాఠాలు: ‘సత్యం’ సంక్షోభం వెలుగులో నాయకత్వ గ్రంథాల పరిశీలన

వ్యాససంగ్రహం: సంస్థాగత పరివర్తన, వ్యాపార నాయకత్వం అనే అంశాలపై విద్యార్థులకు సూచించే గ్రంథాలలో కొన్నింటిని సికింద్రాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ అనుభవంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఈ గ్రంథాలు నాయకుని శీలాన్నీ నైపుణ్యాన్నీ వివరించినంతగా, అతని అధికారానికి ఉండవలసిన అదుపును వివరించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాయకత్వం, పరివర్తన నిర్వహణ, సత్యం కంప్యూటర్స్, సికింద్రాబాద్, జాన్ కోటర్, సత్య నాదెళ్ల.

1. ఎనిమిది మెట్లు

పరివర్తన నిర్వహణ అనగానే మేనేజ్‌మెంట్ తరగతులలో మొదట వినిపించే పేరు జాన్ కోటర్. 1996లో వెలువడిన ఆయన ‘లీడింగ్ ఛేంజ్’ మార్పును ఎనిమిది దశలుగా విభజించింది. నాయకుడు ముందుగా తొందరపాటు అవసరాన్ని అందరికీ తెలియజెప్పాలి, ఆపై మార్గదర్శక బృందాన్ని కూర్చుకోవాలి, ఆ తరువాతనే దార్శనికతను రూపొందించాలి. చివరి దశలో మార్పు సంస్థ సంస్కృతిలో పాతుకోవాలి. ఈ క్రమం బోధనకు అనువైనది. పరీక్షలో రాయడానికి మరీ అనువైనది.

సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ రిజిస్టర్డ్ కార్యాలయంగా నడిచిన సత్యం కంప్యూటర్స్‌లో 2009 జనవరిలో జరిగినది ఈ క్రమానికి లొంగదు. జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరు చివరినాటి ఖాతాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్నారు. తొందర అవసరాన్ని ఇక్కడ నాయకుడు సృష్టించలేదు. అతని ఒప్పుకోలే దానిని సృష్టించింది. మార్గదర్శక బృందాన్ని సంస్థ ఎన్నుకోలేదు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది, కొద్దిరోజులకు మరి ముగ్గురిని చేర్చింది. దార్శనికతకు అప్పుడు తావెక్కడిది? నెలాఖరు జీతాలు అందడం, ఖాతాదారులు చెదరిపోకుండా నిలవడం, ఈ రెండే కార్యక్రమం. కోటర్ ఆరవ దశలో ఉంచిన ‘స్వల్పకాలిక విజయం’ ఇక్కడ మొదటి దశ అయింది. ఫిబ్రవరి 5న సంస్థలోనే ఎదిగిన ఎ.ఎస్. మూర్తిని ప్రధాన కార్యనిర్వహణాధికారిగా నియమించారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది.

కోటర్ సిద్ధాంతం తప్పని దీని అర్థం కాదు. పైనున్నవానికి నైతికార్హత ఉన్నదని అది ముందే ఒప్పుకొని బయలుదేరుతుంది. ఆ ఒప్పుకోలు వీగిపోయిన చోట దశల వరుస మారక తప్పదు.

2. పులి మీద ఉన్నవారెవరు?

రామలింగరాజు తన లేఖలో తన స్థితిని పులిస్వారీతో పోల్చుకున్నారు. దిగితే పులి తినేస్తుందన్న భయం ఆ పోలికలోని సారం. ప్రిసిల్లా నెల్సన్, ఎడ్ కోహెన్ 2010లో వెలువరించిన తమ గ్రంథానికి ‘రైడింగ్ ది టైగర్’ అని పేరు పెట్టడానికి మూలం ఇదే. ఇద్దరూ సత్యం సంస్థలో నాయకత్వ శిక్షణ బాధ్యతలు నిర్వహించినవారు. సంక్షోభ దినాలలో శిక్షణ విభాగం ఉద్యోగులకు, మధ్యశ్రేణి అధికారులకు ఎలా ఆసరా కాగలదో లోపలినుంచి చూసి చెప్పడం ఈ గ్రంథం విశిష్టత. సమాచారం ఆగిపోతే వదంతి ఆ చోటును ఆక్రమిస్తుందన్న ఎరుక అందులో ఉంది. ఆచరణకు పనికివచ్చే విషయం అది.

అయితే గ్రంథకర్తలు లోతుగా తడమని ప్రశ్న ఒకటుంది. శిక్షణ, అభివృద్ధి రంగపు అమెరికన్ సంఘం 2007లో తన పురస్కారాలలో సత్యానికి ప్రథమస్థానం ఇచ్చింది. ఈ గ్రంథాన్ని ప్రచురించినది కూడా ఆ సంఘమే. 2008లో సంస్థకు కార్పొరేట్ పాలనలో ‘గోల్డెన్ పీకాక్’ పురస్కారం సైతం దక్కింది. అంతటి నాయకత్వ పాఠశాల ఉన్న చోట లెక్కలు ఏళ్లతరబడి ఎలా పెరిగాయి? నిర్వహణ లాభం ఒక త్రైమాసికంలో 61 కోట్లు కాగా 649 కోట్లుగా చూపినట్లు లేఖే చెబుతున్నది. నాయకత్వ శిక్షణ ఖాతాల గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయిందనే అనుకోవాలి. ఆ గది సంగతి తెలియాలంటే జర్నలిస్టు కింగ్షుక్ నాగ్ 2009లో రచించిన ‘ది డబుల్ లైఫ్ ఆఫ్ రామలింగరాజు’ వంటి గ్రంథాన్ని పక్కన పెట్టుకోవాలి. మేనేజ్‌మెంట్ పఠనసూచికలలో అటువంటి రచనను ‘జర్నలిజం’ అని పక్కకు నెట్టడం అన్యాయం.

పులిస్వారీ ఉపమానమే పాఠకుని దారి మళ్లిస్తుంది. స్వారీ చేసినది ఒకరు, ఆయనతో కలసినవారు కొందరు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చినది పదిమందిని. దాదాపు 53,000 మంది ఉద్యోగులు ఎక్కినది పులి అని తెలియక ఎక్కినవారు. యాజమాన్యం మారిన కొద్దికాలానికే వారిలో వేలాది మందిని పని లేకుండా, తగ్గించిన జీతంతో ‘వర్చువల్ పూల్’లో ఉంచారు. పరివర్తన సఫలమైందని చెప్పే కథనాలలో వీరి వంతు తరచు ఒక వాక్యమే.

3. తిరిగి ఇచ్చిన బంతి

సత్య నాదెళ్ల ‘హిట్ రిఫ్రెష్’ (2017) ఈ నేలతో మరో విధంగా ముడిపడినది. తండ్రి గదిలో మార్క్స్ చిత్రం పెడితే తల్లి లక్ష్మీదేవి చిత్రం పెట్టిందనీ, తనకు కావలసినది క్రికెటర్ జయసింహ చిత్రమొక్కటేననీ ఆయన రాసుకున్నారు. ఆ ఎం.ఎల్. జయసింహ సికింద్రాబాద్‌లో పుట్టినవాడే. గ్రంథంలోని నాయకత్వ ఘట్టాలలో మేలైనది సిద్ధాంతం కాదు, బడి క్రికెట్‌ది: తన బౌలింగ్ దెబ్బతింటున్నప్పుడు కెప్టెన్ తానే బంతి తీసుకొని వికెట్ పడగొట్టి, తిరిగి బంతిని తనకే ఇచ్చాడు, ఆ నమ్మకంతో తాను ఏడు వికెట్లు తీశాడు. కరోల్ డ్వెక్ నుంచి తీసుకున్న ‘వృద్ధి మనస్తత్వం’ గురించిన పుటలన్నిటికంటె ఈ చిన్న సంఘటన ఎక్కువ చెబుతుంది.

కాని 2014 జులైలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన 18,000 వరకు ఉద్యోగాల కోతలో బంతి ఎవరికి తిరిగి వచ్చింది? నోకియా కొనుగోలును తాను సమర్థించలేదని, ఉద్యోగుల నష్టం బాధించిందని నాదెళ్ల నిజాయితీగానే చెప్పారు. సహానుభూతి ఆ గ్రంథానికి కేంద్రపదం. ఆ పదానికి గట్టి పరీక్ష ఎదురైన చోట మాత్రం కథనం త్వరగా ముందుకు సాగిపోతుంది. తెలుగులో విస్తృతంగా చదివిన యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి వ్యక్తిత్వ వికాస రచనలు మార్పును వ్యక్తి మనసులోనే వెదుకుతాయి కనుక సంస్థ, అధికారం అనే ప్రశ్నలు వాటి పరిధిలోకి రావు. వాటినుంచి ఆ పని ఆశించకూడదు కూడా.

పఠనక్రమం మారితే బోధన మారుతుంది. 2009 జనవరి 7 నాటి లేఖను విద్యార్థి ముందు చదివి, నాగ్ గ్రంథం చదివి, ఆ తరువాత నెల్సన్, కోహెన్‌లను, చివరకు కోటర్‌ను తెరిస్తే, ఎనిమిది దశలలో ఏది ఎక్కడ తెగుతుందో అతడే గుర్తించగలడు. జంటనగరాలలో నాటి ఉద్యోగులు ఎందరో నేటికీ ఉన్నారు. వర్చువల్ పూల్‌లో గడిపిన నెలలను వారి నోట విని నమోదు చేయడం తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్న పని. ఏ గ్రంథం ముందుమాటలోనూ దొరకని సమాచారం వారి వద్ద ఉంది.