మాట్లాడకుండా పడుకోవాలి

మా సత్యవేడులో పెద్దవాళ్ల చెయ్యి వణికితే వయసు మీద పడిందంటారు, నడక మందగిస్తే బద్ధకం అంటారు. మా నాయనకు వణుకు లేదు. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగడం మానేసింది, అంతే. డాక్టరు పార్కిన్సన్స్ అన్నారు. ఎంఆర్ఐలో ఏమీ కనబడలేదు, ఆ జబ్బులో చాలామందికి అంతే. దానికిచ్చిన మాత్రలు అనుకున్నంత పనిచేయకపోయేసరికి, దీన్ని పోలిన ఎంఎస్ఏ (మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ) లాంటి వేరే జబ్బేమోనని డాక్టరుకు అనుమానం వచ్చింది. అందుకే ఊత్తుకోట మీదుగా చెన్నై వెళ్లి పెట్ స్కాన్ తీయించాం.

పరగడుపున రమ్మన్నారు. ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు, అది ఎక్కువుంటే బొమ్మ సరిగా రాదు. చక్కెరను పోలిన ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక మందును నరానికి ఎక్కించారు. 110 నిమిషాలకు దాని బలం సగమైపోతుంది. "పెద్దాయనా, మాట్లాడొద్దు, ఫోను చూడొద్దు" అని టెక్నీషియన్ మసక గదిలో పడుకోబెట్టింది. మాట్లాడితే మెదడులో మాటకు పనిచేసే చోట్లు ఆ చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు మనం ఊరికే ఉన్నా 20 శాతం దాకా శక్తిని వాడుకుంటుంది. స్కాన్ తీసేవాళ్లకు కావలసింది ఆ ఊరికే ఉన్నప్పటి లెక్కే.

న్యూయార్క్ రాష్ట్రంలో డేవిడ్ ఐడెల్‌బర్గ్ బృందం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లవి, లేనివాళ్లవి ఇలాంటి స్కాన్లను పోల్చి, మెదడులో ఏ భాగాల్లో చక్కెర వాడకం కలిసి పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అని లెక్కగట్టి 1994లో ప్రచురించింది. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోయేది మెదడు కాండంలో చిన్న నల్లటి చోట. తూము పూడిపోతే ఆయకట్టులో కొన్ని మళ్లు ఎండి, కొన్ని మునిగినట్టు, దాని దెబ్బకు మెదడంతటా చక్కెర పంపకం మారిపోతుంది. మెదడు లోపల ఉండే పాలిడం, థాలమస్ అనే భాగాల్లో వాడకం హెచ్చుతుంది, పైపొరలో కదలికలను సిద్ధంచేసే చోట్ల తగ్గుతుంది. పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే లెవోడోపా పడితే ఈ తేడా కొంత సర్దుకుంటుంది. మన కంచెల మీద పాకే దూలగొండి గింజల నుంచి ఆ లెవోడోపానే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. అట్లని గింజలు పొడికొట్టి మింగొద్దు, మోతాదు చేతిలో ఉండదు.

చెయ్యి వణికిన ప్రతివాళ్లకూ ఈ స్కాన్ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. వేళ్లు ఆడించమని, నాలుగడుగులు వేయమని చూసే న్యూరాలజిస్టు కన్ను ముందు. అక్కడ తేలనప్పుడే ఇంత ఖర్చుకు అర్థం. నాయన బొమ్మ పార్కిన్సన్స్ తీరులోనే ఉందని, ఎంఎస్ఏ పోలికలు లేవని అన్నారు. మాత్ర మోతాదు పెంచి, తిండికి అరగంట ముందే వేయమన్నారు. పప్పు, గుడ్డు తిన్నాక వేస్తే మందు ఒంటికి సరిగా పట్టదట. నడక మందగించిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, స్కాన్ సంగతి తర్వాత, ముందు తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీకి చూపించండి.