నేనే పోతిని సార్

అమెరికాలో మనుషుల రవాణా కేసు విచారణ ముగిశాక, జ్యూరీలో కూర్చున్న మామూలు జనానికి జడ్జి నేరాన్ని విడదీసి చెబుతారు. ఇది రుజువైందా, అది రుజువైందా, ఒక్కటి తగ్గినా దోషి అనకండి అని. మనకు జ్యూరీ లేదు. 1959లో నానావతి హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అన్నప్పుడు, జ్యూరీకి ఇచ్చిన సూచనల్లోనే లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అయినా కళ్యాణదుర్గంలో వకాలత్ తీసుకున్నప్పుడల్లా నేను ఆ పద్ధతిలోనే కేసును విడదీసుకుంటాను.

పాత ఐపీసీ 370, ఇప్పటి న్యాయ సంహిత 143 అడిగేవి మూడు. మనిషిని చేర్చుకోవడం, తరలించడం లాంటి పని జరగాలి. దానికి బెదిరింపో, మోసమో, ప్రలోభమో వాడాలి. దోపిడీ ఉద్దేశం ఉండాలి.

మన దగ్గర కేసులు జారిపోయేది రెండోదాని దగ్గరే. వాన రాక శెనక్కాయ పోతుంది, అప్పు మిగులుతుంది, ఏజెంటు అడ్వాన్సుతో వస్తాడు. తర్వాత ఆ ఏజెంటు వెంట పోయిన మహిళ బోనెక్కి "నేనే పోతిని సార్, ఎవరూ ఈడ్చుకపోలేదు" అంటుంది. అవతలి వకీలుకు అంతకన్నా ఏం కావాలి? కానీ బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదని సెక్షనే చెబుతోంది. చూడాల్సింది ఆ సమ్మతి ఎలా రాబట్టారన్నది. చార్జిషీటులో "మాయమాటలు చెప్పి" అని రాసి వదిలేస్తే చాలదు. ఏ ఊళ్లో ఏ పని అన్నాడు, జీతం ఎంతన్నాడు, అడ్వాన్సు ఎవరి చేతికిచ్చాడు, చేరాక ఏం చేయించారు: ఇవన్నీ మొదటి వాంగ్మూలంలోనే రావాలి.

మనుషుల రవాణాపై 2000 నాటి అంతర్జాతీయ పలెర్మో ఒప్పందం మనిషి నిస్సహాయతను వాడుకోవడాన్ని కూడా ఈ మార్గాల్లో చేర్చింది. మన సెక్షన్‌లో ఆ మాట లేదు. కరువు సీమకు అన్నిటికన్నా అవసరమైనది అదే.

పిల్లల విషయం ఇంకా బాధిస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లను వ్యభిచారంలోకి దించిన కేసులో, బలవంతమో మోసమో రుజువు కానక్కర్లేదని అమెరికా జ్యూరీకి చెబుతారు. పలెర్మో మాటా అదే. మన సెక్షన్ మైనరైతే శిక్షను పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచింది కానీ, మార్గం రుజువు చేయాలన్న షరతును ఎత్తేయలేదు. 2023లో కొత్త సంహిత రాసినప్పుడూ దాన్ని అలాగే ఉంచారు. పార్లమెంటు ఆ ఒక్క సవరణైనా చేయాలి.