అరవని తప్పు

"నడుస్తలేదన్నా."

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునే కుర్రాళ్లు నా దగ్గరికి తెచ్చే కష్టాలన్నీ దాదాపు ఈ మాటతోనే మొదలవుతాయి. దోహాలో శుక్రవారం సెలవు. ఆ సాయంత్రాలు జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు పిల్లలు కొందరు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని వస్తారు. ఒకరు స్టోర్ కీపరు, ఒకరు డాక్యుమెంట్ కంట్రోలరు, ఒకరు టైమ్ కీపరు. వీళ్లెవరి వీసా మీదా ప్రోగ్రామర్ అని లేదు. చేస్తున్న పనిలో విసుగు పుట్టించే భాగాన్ని కంప్యూటరుకి అప్పజెప్పాలన్న కోరికే వీళ్లను ఇటు తెచ్చింది. ప్రోగ్రామింగ్‌కి ఇంతకన్నా మంచి దారి ఉందని నేననుకోను.

"ఏమొచ్చింది తమ్ముడూ?" అంటాను.

"ఎర్రర్ డబ్బా వచ్చింది."

"అందులో ఏం రాసుంది?"

"సదవలేదన్నా. ఓకే కొట్టేసిన."

నేను చెప్పే మొదటి పాఠం ఆ ఓకే బటన్ దగ్గరే. కంప్యూటరు తనకు తెలిసినంతలో నిజం చెప్పిన సందర్భం అది. దాన్ని చదవకుండా మూసేస్తే ఇక మిగిలేది ఊహాగానమే. ఇంగ్లీషు ఎర్ర అక్షరాలు చూడగానే బడిలో తిట్లు తిన్నట్టు ముడుచుకుపోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ముందు మొదటి వరుస పైకి చదివిస్తాను. తర్వాత దాని అర్థం తెలుగులో చెప్పమంటాను. ఆ రెండూ అయ్యేదాకా కీబోర్డు మీద చెయ్యి వేయనివ్వను.

ఆ టైమ్ కీపరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో అతని కొలువు. ఎవరు ఎన్నింటికి పనిలోకి దిగారు, ఎన్నింటికి వదిలారు, ఓవర్‌టైమ్ ఎంత అని ఫోర్‌మన్ రాసిచ్చే కాగితాలను ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. ఇక్కడికి రాకముందు అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర డాట్‌నెట్ కోర్సు సగం చేశాడు. ఆ సగం చదువుతోనే సీ షార్ప్‌లో, విండోస్ ఫామ్స్ మీద ఒక హాజరు ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. ఫోన్ యాప్‌ల కాలంలో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఎందుకని అడిగేవాళ్లు ఒకసారి సైటు ఆఫీసు చూడాలి. పోర్టకేబిన్‌లో పాత విండోస్ కంప్యూటరు, దానికో ప్రింటరు, వస్తూ పోతూ ఉండే ఇంటర్‌నెట్. అక్కడ పని జరగాలంటే ఆ పెట్టెలోనే నడిచే ప్రోగ్రామ్ కావాలి.

అతనికి వచ్చిన తొలి ఎర్రర్ నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది ఖతార్‌కే చెందిన ఎర్రర్. కార్మికుడి వివరాలు నింపి సేవ్ నొక్కగానే, ఇచ్చిన విలువ ఇంట్32కి మరీ పెద్దదో మరీ చిన్నదో అయిందని డబ్బా వచ్చింది. ఖతార్ ఐడీలో 11 అంకెలుంటాయి. మొదటిది పుట్టిన శతాబ్దానికి గుర్తు, తర్వాతి రెండూ పుట్టిన సంవత్సరం, ఆ తర్వాతి మూడూ దేశం. మనవాళ్లందరికీ అక్కడ 356 ఉంటుంది. సీ షార్ప్‌లో ఇంట్ అని రాసే ఆ ఇంట్32 రకానికి పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంటే పది అంకెలు. ఈ దేశంలో ఏ ఒక్కరి ఐడీ కూడా అందులో పట్టదు. ఇంట్‌ని లాంగ్ అని మారిస్తే ఎర్రర్ పోతుంది, చాలామంది అక్కడితో ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం ఒక ప్రశ్న అడుగుతాను: ఈ ఐడీని ఎప్పుడైనా దేనితోనైనా కూడతావా, గుణిస్తావా? చెయ్యనప్పుడు అది అంకెలతో రాసిన పేరు లాంటిది, స్ట్రింగ్‌గా దాచుకోవాలి. ఊళ్లో బ్యాంకు ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎక్సెల్‌లో ఎగిరిపోయేదీ ఈ కారణానికే.

రెండోది అందరికీ వచ్చేదే. నెల మొత్తం డేటా చదివే బటన్ నొక్కగానే కిటికీ తెల్లబోయి, పైన నాట్ రెస్పాండింగ్ అని పడింది. ఇక్కడ కరక్ చాయ్ దుకాణాలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బయట కార్లు హారన్ కొడుతుంటాయి. ఉన్నది ఒక్క కుర్రాడే, ఆర్డరు తీసుకోవాల్సిందీ చాయ్ కాయాల్సిందీ అతనే. గిన్నె దగ్గర నిలబడ్డంతసేపూ ఏ హారనుకీ పలకలేడు. విండోస్ ప్రోగ్రామ్‌లో మౌస్ నొక్కుళ్లనూ కిటికీ గీయడాన్నీ చూసుకునే థ్రెడ్ కూడా ఒక్కటే. దానికే ఫైలు చదివే బరువు పని పెడితే మిగతావి వినడం మానేస్తుంది. ఐదు సెకన్ల పాటు పలక్కపోతే విండోస్ ఆ కిటికీ మీద తెల్లటి ముసుగు వేస్తుంది. 2012లో సీ షార్ప్‌కి అసింక్, అవెయిట్ వచ్చాక బరువు పనిని పక్కకు పంపడం సులువైంది. అసలు ప్రమాదం తెల్లబోవడంలో లేదు. విసుగెత్తిన మనిషి అదే బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతాడు, ఆ నొక్కుళ్లన్నీ వరుసలో నిలబడి ఒక్కొక్కటే జరుగుతాయి, ఒకే రోజు హాజరు రెండుసార్లు పడుతుంది. పని మొదలవగానే బటన్‌ను ఆపేసే ఒక్క వరుస చాలు. ఆ వరుస మాత్రం ఎవరూ రాయరు.

మూడోది, తన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచి సైటు కంప్యూటరులో నడవకపోవడం. జెట్ ఓలెడిబి 4.0 ప్రొవైడర్ ఈ మెషీన్‌లో నమోదై లేదని వచ్చింది. పాత యాక్సెస్ ఫైళ్లు తెరిచే ఆ జెట్ 32 బిట్‌లో మాత్రమే ఉంది. 64 బిట్‌గా నడిచే ప్రోగ్రామ్‌కి అది కనిపించదు. ప్రాజెక్టు సెట్టింగ్‌లో ఎక్స్86 అని మారిస్తే సరిపోయింది.

ఈ మూడూ అరిచిన తప్పులు. ఇవి ఎంత చికాకు పెట్టినా నాకు భయం లేదు. నేను భయపడేది, అరిచే తప్పు నోరు మూయించడం నేర్చుకున్నాక వచ్చే తప్పులకి. ఆ విద్య పేరు ఖాళీ క్యాచ్. ట్రై అని రాసి, లోపల కోడ్ పెట్టి, కింద క్యాచ్ అని రాసి ఏమీ లేని రెండు బ్రాకెట్లు పెడితే ఎర్రర్ డబ్బా ఇక రాదు. ప్రోగ్రామ్ ప్రశాంతంగా ముందుకు పోతుంది. సేవ్ కానిది సేవ్ అయినట్టే ఉంటుంది. డబ్బా రాకపోతే ప్రోగ్రామ్ బాగైందని కొత్తవాళ్లు నమ్ముతారు. ఈ అలవాటును మొదటి రోజే మాన్పించాలని గట్టిగా నమ్ముతాను. పట్టుకున్న ఎర్రర్‌ని ఏం చెయ్యాలో తెలియకపోతే పట్టుకోవద్దు. కనీసం తారీఖుతో సహా ఒక ఫైల్‌లో రాసి పెట్టు.

టైమ్ కీపరు ప్రోగ్రామ్‌లో తారీఖుల దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. సైటు కంప్యూటరు రీజియన్ సెట్టింగు అమెరికాది. మనం 05/07 అంటే జూలై 5. ఆ కంప్యూటరుకి అది మే 7. 13/07 అని ఇస్తే పదమూడో నెల లేదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. ఖాళీ క్యాచ్ దాన్ని మింగేసింది. అంటే నెలలో 13 నుంచి చివరిదాకా హాజరు అసలు ఎక్కలేదు, మొదటి 12 రోజుల్లో చాలావరకు వేరే నెలల్లోకి వెళ్లి కూర్చుంది. ఎర్రర్‌ని బయటికి రానిచ్చి ఉంటే మొదటి నెల 13న మధ్యాహ్నం భోజనం లోపే తెలిసిపోయేది. తారీఖు ఏ వరసలో రాస్తున్నామో ప్రోగ్రామ్‌కి మనమే చెప్పాలి, కంప్యూటరు సెట్టింగుకి వదిలేయకూడదు. సౌదీ అరబిక్ సెట్టింగున్న కంప్యూటరులో డాట్‌నెట్ హిజ్రీ సంవత్సరం చూపిస్తుంది. పక్క దేశం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఈ ముచ్చటా ఎదురవుతుంది.

ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం, నేను ఈ కాలమ్ రాస్తున్నది అందుకే. ఖతార్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస మూల వేతనం నెలకి 1000 రియాళ్లు. కార్మిక చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్‌కి మూల వేతనం మీద కనీసం 25 శాతం ఎక్కువివ్వాలి. ఆ కంపెనీ లెక్క సూటిగానే ఉంది: జీతాన్ని 30తో, మళ్లీ 8తో భాగించి 1.25తో గుణించాలి. మన కుర్రాడు అలాగే రాశాడు. కానీ అన్నీ ఇంట్‌లే. సీ షార్ప్‌లో ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే శేషం మాయమవుతుంది. 1000ని 30తో భాగిస్తే 33. 33ని 8తో భాగిస్తే 4. గంటకి ఓవర్‌టైమ్ 5 రియాళ్లు అయింది. నిజానికి రావాల్సింది 5.2083. నెలలో 48 గంటలు ఓవర్‌టైమ్ చేసిన మనిషికి 250 రావాల్సిన చోట 240 పడుతుంది. పది రియాళ్లు ఎవరి కంటికీ ఆనవు. వందమంది ఉన్న క్యాంపులో అది నెలకి 1000 రియాళ్లు, ఒక మనిషి మూల వేతనం మొత్తం. ఎర్రర్ డబ్బా లేదు, తెల్ల కిటికీ లేదు. ప్రతి నెలా ప్రింటరులోంచి శుభ్రంగా తప్పు లెక్క వస్తుంది. ఇంట్ బదులు డెసిమల్ అని రాస్తే పోయే తప్పు అది. ఓవర్‌టైమ్ నిమిషాలదీ ఇదే వరస: 45ని 60తో భాగిస్తే ఇంట్ లెక్కలో సున్నా. ముప్పావు గంట కష్టం గాల్లో కలిసింది.

రాత్రి షిఫ్టు మరీ అన్యాయం. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి మూడున్నర వరకు ఎండలో బయట పని నిషేధం. ఆ నెలల్లో వాళ్ల సైట్లో కొంత పని రాత్రికి జరుగుతుంది. సాయంత్రం 6కి ఎక్కి తెల్లవారుజామున 2కి దిగిన మనిషికి, 2లోంచి 18 తీసేస్తే మైనస్ 16 వచ్చింది. తెర మీద మైనస్ బాగోలేదని అతను ఒక షరతు రాశాడు: సున్నా కంటే తక్కువైతే సున్నా. దాంతో రాత్రంతా పని చేసినవాడు ఆ రోజు రానివాడైపోయాడు. మైనస్ 16 నిజానికి సాయం కోసం పిలుస్తున్న అంకె. గంటతో పాటు తారీఖు కూడా దాచుకుంటే ఆ తీసివేత దానంతట అదే సరవుతుంది.

రంజాన్ కూడా అంతే. ఆ నెలలో చట్టం చెప్పే పని వేళలు రోజుకి 6 గంటలు, వారానికి 36. కోడ్‌లో 8 అని గట్టిగా రాసిపెట్టుకుంటే రోజుకి రెండు గంటల ఓవర్‌టైమ్ కనిపించకుండా పోతుంది. ఇక్కడ రంజాన్ 2023లో మార్చి 23న, 2024లో మార్చి 11న, 2025లో మార్చి 1న మొదలైంది. నెలవంక చూసి ప్రకటించే తారీఖుని ప్రోగ్రామ్‌లో ముందే రాయలేం. నడిపే మనిషి నింపుకునేలా ఒక గడి పెట్టాలి.

ఇలాంటి తప్పులు దొరికించుకోవడానికి నాకు తెలిసిన మార్గం పాతదే. ప్రోగ్రామ్ నడపకముందే ఒక మనిషి నెల లెక్క పెన్సిలుతో కాగితం మీద వెయ్యాలి. దానికి తేలిక రోజులు ఎంచుకోకూడదు: ఒక రాత్రి షిఫ్టు, ఒక 12, ఒక 13, ఒక ముప్పావు గంట, రంజాన్ ముందు రోజూ మొదటి రోజూ. రెండు లెక్కలూ కలవని చోట ఎఫ్9తో ప్రోగ్రామ్ ఆగాల్సిన గుర్తు పెట్టి, ఎఫ్10తో ఒక్కో వరుసా దాటుతూ, ప్రతి అంకె విలువా చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కొత్తవాళ్లు ఆత్రంలో నాలుగు మారుస్తారు, బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు.

అలా దాటుతూ ఒక్కో వరుస ఏం చేస్తుందో తెలుగులో పైకి చెప్పమంటాను. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ పుస్తకంలో రబ్బరు బాతుకి కోడ్ వివరించే పద్ధతి ఉంది, అదీ ఇదే. "ఇక్కడ వెయ్యిని ముప్పైతో భాగిస్తున్నమన్నా, ముప్పై మూడు పాయింట్..." అని ఆగిపోయాడు మన టైమ్ కీపరు. పాయింట్ తర్వాత తెర మీద ఏమీ లేదు. నేను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు చాలామంది ఎర్రర్‌ని ఏఐకి అతికించి, వచ్చిన జవాబు తెచ్చి కోడ్‌లో అతికిస్తున్నారు. అరిచే తప్పులకు అది చాలాసార్లు సాయపడుతుంది, నేనేమీ వద్దనను. కానీ 250 బదులు 240 వచ్చినప్పుడు అతికించడానికి ఎర్రరే లేదు. అది తప్పని ముందు మనిషికి తోచాలి.

ఆ తోచేది ఎవరికని ఆలోచించి, అతని చేత ఒక పని చేయించాను. నెలాఖరుకి ప్రతి మనిషికీ ఇచ్చే చీటీలో మొత్తం ఒక్కటే కాకుండా రోజువారీ గంటలు, గంట రేటు, గుణకారం అన్నీ అచ్చవుతాయి. తెలుగువాళ్లకి తెలుగులో. విండోస్‌లోనే ఉన్న నిర్మల ఫాంటుతో పేర్లు చక్కగా పడ్డాయి. మొదటి నెల చీటీలు పంచాక ఇద్దరు వచ్చి అడిగారట. ఒకరిది ఫోర్‌మన్ కాగితంలోనే తప్పు. రెండో ఆయనది ప్రోగ్రామ్‌లో తప్పు: 31 రాత్రి ఎక్కిన షిఫ్టు 1న దిగింది, ఆ ఎనిమిది గంటలూ ఏ నెలకి చెందాలో కోడ్‌లో ఎక్కడా చెప్పలేదు, రెండు నెలల్లోనూ పడలేదు. వచ్చే శుక్రవారం దాని మీద కూర్చుంటున్నాం. ఆ పెద్దాయనను కూడా రమ్మన్నాం.