వెనక ఎవరూ లేని ఆట

మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు నేను కనీసం నాలుగుసార్లు చచ్చిపోతాను. ప్యాక్‌మ్యాన్‌లో లెండి. చచ్చిన ప్రతిసారీ ఫోన్ ఒకటే అడుగుతుంది: వీడియో చూస్తే ఇంకో లైఫ్ ఇస్తా, చూస్తావా? చూస్తాను. ఎవరో క్షణాల్లో లోన్ ఇస్తామంటారు. మూలన ఆవగింజంత ఇంటూ మార్కు వచ్చేదాకా ఆగి, అది నొక్కి, మళ్ళీ అవే నీలం సందుల్లో, మిగిలిపోయిన చుక్కల మధ్య లేచి నిలబడతాను. పైసా ఖర్చు లేదు. అయినా రైలు దిగేటప్పుడు ఆట ఆడినట్టుండదు. ఎందుకుండదని ఈ మధ్య చాలా ఆలోచించాను.

తేలికైన జవాబు ఒకటుంది. పాత రోజులే వేరు, ఆ పార్లర్లే వేరు అని నిట్టూర్చడం. ఆ నిట్టూర్పుకి నాకు హక్కు లేదు. తొంభైల చివర్లో గుడివాడలో మా వీధి చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. షాపంటే రేకుల గది, రెండు టీవీలు, పసుపురంగు క్యాసెట్లు. రూపాయికి మూడు లైఫులు. లోపల మా అన్నయ్య ఆడేవాడు, నేను గడప బయట నిలబడి చూసేదాన్ని. ఆడపిల్లలు రాకూడదని బోర్డేమీ లేదు. అవసరం కూడా లేదు, ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. ప్యాక్‌మ్యాన్‌ని నా చేత్తో నేను మొదటిసారి తిప్పింది ఫోన్‌లోనే, ఫ్రీగానే. ఫ్రీ గేముల్ని తిట్టబోయే ముందు ఆ రుణం ఒప్పుకోవాలి.

తమాషా ఏంటంటే, ఈ ఆట పుట్టిందే గడప బయట నిలబడ్డవాళ్ళ కోసం. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీకి దీన్ని తయారుచేసిన తోరు ఇవతాని, అప్పటి గేమ్ సెంటర్లు మగవాళ్ళ అడ్డాలుగా ఉన్నాయని, ఆటలన్నీ కాల్చడం చంపడంగానే ఉన్నాయని గమనించాడు. ఆడవాళ్ళూ జంటలూ కూడా వచ్చే ఆట కావాలనుకున్నాడు. అందుకే తుపాకీ బదులు నోరు పెట్టాడు. ఆడవాళ్ళనగానే తిండే గుర్తొచ్చిందా అని పేచీ పెట్టొచ్చు. నేనూ పెడతాను. కానీ ఆ నోటి చుట్టూ అతను అల్లిన ఆట మాత్రం అసాధ్యమైనది.

నాలుగు దయ్యాలకీ నాలుగు బుద్ధులు. ఎర్రటి బ్లింకీ నేనున్న గడి మీదికే వస్తుంది. పింకీ నా ముందు నాలుగు గళ్ళకి గురిపెట్టి దారి కాస్తుంది. ఇంకీ నన్నూ బ్లింకీనీ ఇద్దర్నీ చూసుకుని కదులుతుంది. క్లైడ్ దూరం నుంచి తరుముకొస్తుంది గానీ దగ్గరికొచ్చేసరికి తన మూలకి పారిపోతుంది. పైగా ఇవి ఎప్పుడూ తరమవు. మొదటి లెవెల్ మొదట్లో 7 సెకన్లు తమ తమ మూలలకి పోతాయి, తర్వాత 20 సెకన్లు వెంటపడతాయి, మళ్ళీ వదిలేస్తాయి. అలా ఆటగాడికి ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. భయానికి ఒక తాళం ఉంటుంది. నా ఫోన్‌లో ఉన్న ఫ్రీ నకలులో రంగులున్నాయి, కళ్ళున్నాయి, బుద్ధులు లేవు. నాలుగూ ఒక గుంపుగా మీద పడతాయి, అంతే.

ఇంకో ఫ్రీ ఆటలోనూ ఇదే చూశాను. 1978లో టైటో కంపెనీ కోసం తొమొహిరో నిషికదో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో 55 మంది శత్రువులు వరసలు కట్టి దిగుతారు. అప్పటి చిప్ అంతమందిని ఒకేసారి వేగంగా కదిలించలేకపోయింది. కొంతమంది చచ్చాక బరువు తగ్గి, మిగిలినవాళ్ళు పరుగందుకున్నారు. నిషికదో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. అందుకే అసలు ఆటలో చివర మిగిలిన ఒక్కడే అందరికంటే భయంకరుడు. ఇప్పటి ఫోన్‌కి ఆ బలహీనత లేదు. నేను దించుకున్న నకలులో ఆ చివరివాడు సాయంకాలం షికారుకొచ్చినట్టు తీరిగ్గా నడుస్తాడు. బొమ్మల్ని కాపీ కొట్టారు, కాలాన్ని వదిలేశారు.

అయినా నా అసంతృప్తికి అసలు కారణం ఇది కాదు. నమ్మకంగా చేసిన నకళ్ళు కూడా ఉన్నాయి, వాటిలోనూ అదే వెలితి. అది చావు దగ్గరుంది.

ప్యాక్‌మ్యాన్‌లో గెలుపు లేదు. ఎంత మొనగాడైనా 256వ లెవెల్‌కి చేరితే సగం తెర అర్థంలేని అక్షరాలతో నిండిపోతుంది, ఇక ముందుకి పోలేడు. కాబట్టి ఉన్నదల్లా ముగింపే, ఆట అర్థమంతా ముగిసే తీరులోనే ఉంది. నాణెం వేసే యంత్రం పుణ్యాత్మురాలేం కాదు. మనం త్వరగా చస్తే దానికింకో నాణెం. ఫోన్ వ్యాపారం తిరగేసి ఉంటుంది. మనం చచ్చి పోకూడదు, చచ్చి ఇక్కడే ఉండాలి. రెండూ వ్యాపారాలే. తేడా మన వెనక ఎవరున్నారన్నది. అసలు ప్యాక్‌మ్యాన్ యంత్రం మీద రెండు బటన్లుండేవి, ఒకరికి, ఇద్దరికి. ఇద్దరిది నొక్కితే ఒకరు చావగానే రెండోవాళ్ళ వంతు. మా షాపులోనూ ఒకడు చచ్చాడంటే వెనక నుంచి చేయి ముందుకొచ్చేది: "చచ్చావ్ గదరా, ఇటియ్యి." నా ఆట ముగియడమంటే ఇంకొకరి ఆట మొదలవడం. ఫోన్‌లో ఆ వెనక మనిషి నిలబడే చోటుని ప్రకటనకి అద్దెకిచ్చారు. అందుకే ఎన్ని లైఫులొచ్చినా అన్నీ నావే, ఒక్కటీ నా వంతు కాదు.

ఇక్కడ నా ఫిర్యాదు నాకే అడ్డం తిరుగుతుంది. ఆ వంతుల వరసలో నన్నెవరూ నిలబెట్టలేదు. వరస లేకపోవడం వల్లే నాకు ఆట దక్కింది. దక్కాక, వరస లేదని ఏడుస్తున్నాను. రెండూ నిజమే. నాకు కావలసింది పాత షాపు కాదు, నాక్కూడా చోటున్న వరస.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అన్నయ్య నా ఫోన్ లాక్కుని ఆడాడు. మూడో లెవెల్లో చచ్చాడు. వీడియో చూస్తావా అని ఫోన్ అడుగుతోంది. అతను దానివైపు చూడనైనా చూడలేదు. "పోయా. ఇందా" అని నా చేతిలో పెట్టేశాడు, పాతికేళ్ళ కిందటి అలవాటు. నేను రెండో లెవెల్లోనే పోయాను. వెంటనే తిరిగిచ్చేశాను.