‘కాలనీ’: ఒక అన్యదేశ్యపదం – అర్థభేదాలు, సాహిత్య పఠనం

కీలకపదాలు: కాలనీ, వాడ, బస్తీ, వలస, అర్థవిపరిణామం, సభ్యోక్తి.

ప్రవేశిక

అన్యదేశ్యపదం మూలభాషలోని అర్థాలన్నిటినీ వెంట తెచ్చుకోదు. వచ్చి చేరిన సమాజం తన అవసరాన్ని బట్టి దానికి అర్థాన్ని సమకూరుస్తుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన ‘కాలనీ’ అన్న నామవాచకం ఇందుకు తగిన ఉదాహరణ. హైదరాబాద్‌లోని జవహర్‌నగర్ పేరులో ‘నగర్’ ఉన్నప్పటికీ, అక్కడ నివసించేవారికి వాడుకలో అది ‘మా కాలనీ’యే. అక్కడ పెరిగిన విద్యార్థి ఒక దళిత కథలో ‘కాలనీ’ అన్న మాట ఎదురైనప్పుడు తన వీథిని ఊహించుకోవడం సహజం. అలా ఊహించుకుంటే, పాత్ర కాలనీ నుంచి ఊళ్ళోకి నడవడం అతనికి రెండు వీథుల మధ్య నడకగానే తోస్తుంది. కథలో మాత్రం ఆ పాత్ర దాటుతున్నది కులం గీసిన హద్దును. ఈ పఠనలోపానికి కారణాన్ని, దాన్ని సవరించుకునే మార్గాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలార్థం, విస్తరణ

లాటిన్‌లో ‘కొలోనియా’ అంటే రోమన్లు జయించిన నేలపై తమవారిని, ముఖ్యంగా సైన్యం నుంచి విరమించినవారిని స్థిరపరచిన ఆవాసం. సేద్యం చేయడం అనే అర్థం ఈ పదానికి మూలం. ఇంగ్లీషులో ఇది పరాయినేలపై స్థిరపడినవారి ఆవాసాన్ని, పరపాలనలోని దేశాన్ని, ఒకే తరహావారు కలిసి ఉండే చోటును, చీమలు, సూక్ష్మజీవుల సమూహాన్ని కూడా తెలుపుతుంది. నేరస్థులను, కుష్ఠురోగులను దూరంగా ఉంచిన చోట్లకూ ఈ మాటే వాడారు. ఈ అర్థాలలో ఎక్కువ వాటికి ఉమ్మడిగా ఉన్న అంశం ఒక్కటే: మిగిలినవారి నుంచి విడిగా, గుంపుగా ఉండడం. తెలుగు నేలపై ఈ ‘విడి’తనం రెండు విధాలుగా స్థిరపడింది.

రెండు జంటలు

హైదరాబాద్‌లో ‘కాలనీ’కి జంట పదం ‘బస్తీ’. రైల్వే కాలనీ, డిఫెన్స్ కాలనీ వంటి పేర్లలో ఉద్యోగభద్రత, ప్రణాళిక ప్రకారం వేసిన వీథులు, సంక్షేమ సంఘం స్ఫురిస్తాయి. బస్తీ అనగానే పేదల ఇరుకు ఇళ్ళు గుర్తుకొస్తాయి. కోస్తా ప్రాంతపు పాత వాడుకలో పల్లెటూరికి ఎదురుగా నిలిచి పట్నాన్ని సూచించిన ‘బస్తీ’, హైదరాబాద్‌లో కాలనీకి ఎదురుగా నిలిచి అర్థన్యూనత పొందింది.

గ్రామంలో ‘కాలనీ’కి జంట పదం ‘ఊరు’. పలు గ్రామాలలో విశేషణమేదీ లేకుండా ‘కాలనీ’ అంటే దళితుల నివాసమే. మాలవాడ, మాదిగవాడ, హరిజనవాడ, ఎస్సీ కాలనీ అన్న పేర్ల వరుసలో ఇది తరువాతి రూపం. కులాన్ని నేరుగా పలకకుండా సూచించడం వల్ల దీన్ని సభ్యోక్తిగా పరిగణించవచ్చు. అయితే ‘వాడ’ స్వభావతః హీనార్థకం కాదు. ‘నాచారం పారిశ్రామికవాడ’ అన్నప్పుడు ఆ మాటలో న్యూనత ఏమీ లేదు. హీనత పదంలో కాక, ఊరికీ వాడకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. ఆ సంబంధం మారనంతకాలం కొత్త పేరుకూ పాత హీనత అంటుతుంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్, అంటరానితనానికి గుర్తుగా మారినందువల్ల ‘కాలనీ’ అన్న మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని శాసనసభలో ప్రకటించడం ఈ పరిణామానికి నిదర్శనం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. గుడిసె నుంచి పట్టా ఉన్న పక్కా ఇంటికి మారిన కుటుంబానికి ‘కాలనీ’ గౌరవవాచకమే కదా? నిజమే. ‘మా కాలనీ’ అని లోపలివారు అన్నప్పుడూ, ‘కాలనీవాళ్ళు’ అని ఊరివారు అన్నప్పుడూ పదం ఒకటే అయినా భావం ఒకటి కాదు. అందువల్ల అర్థనిర్ణయంలో స్థలంతో పాటు వక్త కూడా ప్రమాణం.

‘వలస’తో వచ్చిన చిక్కు

సాహిత్య విమర్శ ఇదే ఇంగ్లీషు పదాన్ని ‘వలస’గా గ్రహించి వలసవాదం, వలసానంతర విమర్శ వంటి పారిభాషికాలను రూపొందించుకుంది. కొత్తవలస, ఆమదాలవలస వంటి ఉత్తరాంధ్ర ఊరిపేర్లలో ‘వలస’ ఆవాసవాచకంగా నిలిచి ఉన్నందున ఈ అనువాదానికి ఆధారం లేకపోలేదు. కానీ పాలమూరు వలస అన్నప్పుడు అది బతుకుదెరువు కోసం ఊరు విడిచిన కూలీ ప్రయాణం. ‘వలస పాలన’ అన్నప్పుడు వచ్చినవాడు అధికారి. ఒక మాటలో నిర్వాసితుడు, మరొక మాటలో ఆక్రమణదారు. తెలంగాణ ఉద్యమ సాహిత్యంలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. విమర్శకుడు వీటిని విడదీసి చూపకపోతే బాధితుడూ పాలకుడూ ఒకే పేరు కింద కలిసిపోతారు.

సాహిత్యంలో పేరు పెట్టడం

1922లో వెలువడిన నవలకు ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ అని పేరు పెట్టారు. కులంతో కూడిన నివాసం పేరు ముఖపత్రం మీదికి ఎక్కింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, వసతిగృహం నుంచి బహిష్కృతులైన రోహిత్ వేముల, ఆయన సహచరులు ఆరుబయట ఏర్పరచుకున్న శిబిరాన్ని ‘వెలివాడ’ అన్నారు. సభ్యోక్తి కప్పిపుచ్చే విషయాన్ని ఈ రెండు పేర్లూ బయటపెట్టాయి. ‘మాలపల్లి’ని బయటి నుంచి సానుభూతితో చూసిన రచయిత పెట్టారు. ‘వెలివాడ’ను వెలికి గురైనవారే ఎంచుకున్నారు. పదాన్ని ఎవరు ఎంచుకున్నారన్న ప్రశ్న విమర్శకు ఎంత ముఖ్యమో ఈ తేడా తెలుపుతుంది.

ముగింపు

‘కాలనీ’ అర్థం నిఘంటువు ఆరోపాలతో తేలదు. బస్తీకి ఎదురుగా ఉందా, ఊరికి ఎదురుగా ఉందా, పలికినది ఎవరు అన్న మూడు ప్రశ్నలతో తేలుతుంది. దళిత సాహిత్యాన్ని బోధించేటప్పుడు, పాఠ్యసంకలనాలకు పదవివరణ రాసేటప్పుడు ‘నివాసప్రాంతం’ అని వదిలేస్తే, కథలోని హద్దును మనమే చెరిపినవాళ్ళమవుతాం. నగరంలో పెరిగిన విద్యార్థికి ఆ హద్దు కనిపించేలా చేయడం పదవివరణతో మొదలు కావాలి. ఆ పని చేయవలసినవాళ్ళం తెలుగు శాఖల్లో ఉన్న మనమే.